సముద్రతీర గ్రామమున విడిది – అతిథి దేనిని చూచి ఎన్నుకొనును?

(తీరగ్రామముల పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు నాకిచ్చిన విషయము పైకి చిన్నదిగా తోచవచ్చును. పట్టణమున నివసించు ఒక కుటుంబము, పిల్లలకు సెలవులిచ్చినప్పుడు రెండు దినములు సముద్రపు ఒడ్డున గడపవలెనని తలచినది. ఏ గ్రామమున, ఏ ఇంట బస చేయవలెనో ఆ కుటుంబము ఎట్లు నిర్ణయించుకొనును? ఇది పట్టణవాసుల వ్యవహారము గదా, గ్రామ పంచాయతీకి దీనితో నిమిత్తమేమి యని మీలో కొందరు అడుగవచ్చును.

నిమిత్తము చాలగలదు. ఆ కుటుంబము త్రాగునది మీ గ్రామపు నీరు. వారు విడుచు మురుగు ఇంకునది మీ గ్రామపు ఇసుకలో. వారి పిల్లలు దిగునది మీ పాలెము ముందటి సముద్రములో. తుపాను వచ్చినచో వారు పరుగెత్తవలసినది మీ గ్రామపు ఆశ్రయ భవనమునకు. వారు ఖర్చు చేయు ధనము మీ గ్రామమున నిలుచునా, వచ్చిన దారినే పట్టణమునకు మరలిపోవునా అనునది కూడ మీ చేతిలోని విషయమే. కావున అతిథి కన్నులతో మన గ్రామమును ఒక్కమారు చూతము.

మన తీరము ఇచ్ఛాపురము మొదలుకొని తడ వరకు వ్యాపించియున్నది. చాలకాలముగా దీని పొడవు 974 కిలోమీటర్లని గ్రంథములలో వ్రాయుచు వచ్చిరి. ఈ పొడవునను బారువ, కళింగపట్టణము, భీమునిపట్టణము, ఉప్పాడ, అంతర్వేది, పేరుపాలెము, మంగినపూడి, సూర్యలంక, ఓడరేవు, మైపాడు మొదలగు తీరస్థలములెన్నో కలవు. నేను బాపట్ల – చీరాల ప్రాంతమును ఉదాహరణముగా తీసికొనెదను. విజయవాడనుండి చెన్నైకి పోవు రైలుమార్గము మీదనే బాపట్ల, చీరాల రెండును ఉన్నవి. బాపట్లకు సూర్యలంక సుమారు 9 కిలోమీటర్లు. చీరాలకు ఓడరేవు దగ్గర. తీరము వెంట ఇసుక దిబ్బలు, సరుగుడు తోపులు, తాటిచెట్లు, జీడిమామిడి తోటలు, వాని నడుమ పల్లెపాలెములు. ఇట్టి చోట విడిది వెదకు గృహస్థుడు తెలివిగలవాడైనచో ఏయే ప్రశ్నలు అడుగును?

సముద్రమునకు ఎంత దూరము?

అతిథి మొట్టమొదట అడుగునది ఇదియే. సముద్రమునకు ఎంత దగ్గరగా ఉన్నచో అంత మంచిదని సామాన్యముగా తలంతురు. మన పెద్దలు అట్లు తలంచలేదు. తీరగ్రామములలోని పాత ఇండ్లను చూడుడు. అవి ఇసుక దిబ్బకు వెనుకతట్టున, చెట్ల చాటున ఉండును. ఉప్పుగాలి ఇనుమును తినివేయును, గోడల పెచ్చులూడదీయును. అన్నిటికంటె ముఖ్యముగా, సముద్రము తన హద్దును ఎల్లప్పుడు ఒకేచోట ఉంచుకొనదు. కాకినాడ వద్ద ఉప్పాడ తీరమున కెరటములు ఒడ్డును కోసికొనుచు వచ్చి ఇండ్లను, రోడ్డును దెబ్బతీసిన సంగతి మీరెరుగుదురు. దిబ్బయే గ్రామమునకు సముద్రము వైపు గోడ. దానిని చదును చేసి, కెరటములు కనబడుటకై గదులు కట్టువాడు తన గోడను తానే కూల్చుకొన్నట్లగును.

చట్టము కూడ ఈ విషయమున స్పష్టముగానే ఉన్నది. కేంద్ర ప్రభుత్వము 2011లోను, తరువాత 2019లోను తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటనలు చేసినది. 2019 ప్రకటన ప్రకారము, 2011 జనాభా లెక్కలలో చదరపు కిలోమీటరునకు 2161 మందికంటె ఎక్కువ జనసాంద్రతగల గ్రామీణ ప్రాంతమున, పోటు హద్దునుండి 50 మీటర్ల వరకును, తక్కువ జనసాంద్రతగల చోట 200 మీటర్ల వరకును కొత్త కట్టడములు సామాన్యముగా కూడవు. మీ గ్రామము ఏ తరగతిలోనిదో, ఏ సర్వే నంబరు హద్దునకు లోపల పడునో తీర నిర్వహణ ప్రణాళిక పటమును చూచి తెలిసికొనుడు. తెలియక అనుమతినిచ్చి, తరువాత కూల్చివేత నోటీసు వచ్చినప్పుడు నష్టపడువాడు అప్పుచేసి గదులు కట్టిన మీ గ్రామస్థుడే.

అయితే ఆ ప్రకటనలోనే మనకు పనికివచ్చు మాట ఒకటి కలదు. తీరమున నివసించు స్థానికులు, మత్స్యకారులతో సహా, తమ పాత ఇంటి పునాది వైశాల్యమును, రూపమును, ముఖభాగమును మార్చకుండ, అందు అతిథులకు బస ఇచ్చుటకు అనుమతి పొందవచ్చును. కావున అతిథి వచ్చి "సముద్రము ఎంత దూరము?" అని అడిగినప్పుడు, "దిబ్బకు వెనుక ఉన్నాము, పది నిమిషముల నడక, చెట్ల నీడన పోవచ్చును" అని చెప్పుటకు గృహస్థుడు సిగ్గుపడనక్కరలేదు. తెలిసిన అతిథి ఆ ఇంటినే ఎన్నుకొనును.

నీరు తియ్యగా ఉన్నదా?

రెండవ ప్రశ్న నీరు. ఇక్కడ పంచాయతీ సభ్యులు కొంత లోతుగా ఆలోచింపవలెను.

సముద్రము చెంతనే ఇసుకలో తియ్యని నీరు దొరకుట వింతగా తోచును. బాపట్ల, చీరాల ప్రాంతపు రైతులు ఇసుక నేలలలో దొరువులు త్రవ్వి, ఆ నీటితోనే పైరులు పండించిరి. ఈ తియ్యని నీరు వాననుండి వచ్చినది. ఇసుకలో ఇంకిన వాననీరు, అడుగున ఉన్న ఉప్పునీటిపై తేలుచుండును. ఉప్పునీరు మంచినీటికంటె నూటికి సుమారు రెండున్నర పాళ్లు ఎక్కువ బరువు. ఈ లెక్క ప్రకారము, సముద్రమట్టమునకు పైన మంచినీరు ఒక అడుగు నిలిచినచో, మట్టమునకు క్రింద సుమారు 40 అడుగుల వరకు మంచినీరుండును. ఇది సంతోషింపదగిన సంగతి. దీనికి మరొక ముఖము కూడ కలదు. మనము అతిగా తోడి పైమట్టమును ఒక అడుగు తగ్గించినచో, క్రిందినుండి ఉప్పునీరు సుమారు 40 అడుగులు పైకి జరుగుటకు త్రోవ ఏర్పడును. ఒకమారు ఉప్పెక్కిన నూయి మరల తియ్యబడుటకు ఏండ్లు పట్టవచ్చును.

ఇప్పుడు అతిథుల లెక్క వేయుదము. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ క్రింద గ్రామీణునకు దినమునకు 55 లీటర్ల నీరు లక్ష్యముగా పెట్టుకొనిరి. పట్టణములలో నీటి పథకములకు సామాన్యముగా మనిషికి 135 లీటర్లు లెక్కవేయుదురు. పట్టణవాసి ఆ అలవాటుతోనే మన ఊరికి వచ్చును. పన్నెండు పడకలుగల ఒక విడిది నిండియున్నప్పుడు దినమునకు 1620 లీటర్లు కావలెను. అది మన లెక్కలో 29 మంది గ్రామస్థుల నీరు. ఇట్టి విడుదులు ఇరువది యైనచో, బోరు మోటార్లు రేయింబవళ్లు తిరిగినచో, ఎండకాలపు చివర పాలెములోని స్త్రీలు బిందెలతో ఎక్కడికి పోవలెను?

కావున పంచాయతీ మూడు పనులు చేయవలెను. మొదటిది, అతిథి గృహములు లోతైన బోర్లు వేసి బలమైన మోటార్లతో తోడకుండ, తక్కువ లోతున మెల్లగా నీరు తీయు పద్ధతిని అవలంబింపజేయుట. రెండవది, ప్రతి విడిది ఇంటి కప్పు మీది వాననీటిని ఇంకుడు గుంతలోనికి మళ్లింపజేయుట. మూడవది, నీటిని పరీక్షింపజేయుట. త్రాగునీటిలో కరిగిన లవణములు లీటరునకు 500 మిల్లీగ్రాములు మించరాదనియు, వేరు ఆధారము లేనప్పుడు 2000 వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. జల జీవన్ మిషన్ నియమముల ప్రకారము ప్రతి గ్రామమున అయిదుగురు స్త్రీలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వవలెను. ఆ స్త్రీలచే ఎండకాలమునందును వానకాలము తరువాతను నూతులను పరీక్షింపజేసి, ఫలితమును పంచాయతీ కచేరీ గోడపై వ్రాయింపుడు. అతిథికి నమ్మకము కలుగును. గ్రామమునకు ముందుచూపు కలుగును.

మరుగుదొడ్డి ఎట్లున్నది?

అతిథి ఈ ప్రశ్నను నోటితో అడుగడు, వెళ్లి చూచును. ముఖ్యముగా ఇంటి ఇల్లాలు చూచును. శుభ్రమైన మరుగుదొడ్డి, గడియగల తలుపు, దీపము, స్నానమునకు చాటు – ఈ నాలుగు లేని ఇంటికి ఎంత చక్కని దృశ్యమున్నను కుటుంబముతో వచ్చువారు రెండవమారు రారు.

తీరమున ఇంకొక చిక్కు కలదు. ఇసుకలో నీరు త్వరగా జారును. నీటిమట్టము పైననే ఉండును. కావున మరుగుదొడ్డి గుంతలోని మాలిన్యము నూతికి చేరుట సులభము. గుంత అడుగునకును, వానకాలపు నీటిమట్టమునకును నడుమ రెండు మీటర్లు లేనిచోట, గుంత నూతికి పది మీటర్లకంటె దగ్గరగా ఉండరాదు. ముతక ఇసుక నేలలో గుంత చుట్టును సన్నని ఇసుక పొరను వేసి, అడుగును మూసివేయవలెనని ఇంజనీర్లు చెప్పుదురు. రెండు గుంతల పద్ధతియే మేలు. ఒకటి నిండిన తరువాత దానిని మూసి, రెండవదానిని వాడవలెను. మొదటి గుంతలోనిది ఎరువుగా మారుటకు వ్యవధి దొరకును. ఒకే గుంతపై పన్నెండుమంది అతిథులను పెట్టినచో, పండుగ సెలవులలోనే అది పొంగిపొరలును. విడిదికి అంగీకారము తెలుపుటకు పూర్వము సభ్యులు టేపు పట్టుకొని వెళ్లి ఈ దూరమును స్వయముగా కొలువవలెను.

స్నానమునకు ఎక్కడ దిగవలెను?

ఇది ప్రాణముతో కూడిన విషయము. ప్రతి సంవత్సరము సెలవుదినములలో, కార్తిక పౌర్ణమినాడు, లోనాటి పట్టణములనుండి వచ్చిన యువకులు సముద్రమున మునిగిపోయిన వార్తలను వినుచున్నాము. వారిలో ఈత వచ్చినవారును ఉందురు. చెరువులో ఈత వేరు, సముద్రములో ఈత వేరు.

కెరటములు ఒడ్డునకు తెచ్చిన నీరు మరల లోనికి పోవలెను గదా. అది తీరము పొడవునను సమముగా పోదు. ఒకచోట సన్నని పాయగా కూడి, వేగముగా లోనికి లాగుకొనిపోవును. ఆ చోట కెరటములు విరుగవు. నీరు కొంత నల్లగా, శాంతముగా కనబడును. తెలియనివాడు "ఇక్కడ అలలు లేవు, ఇదే మంచిచోటు" అని అచటనే దిగును. లాగుకొనిపోవునప్పుడు ఒడ్డువైపునకే ఎదురీది అలసిపోయి మునుగును. ఎదురీదక, ఒడ్డునకు సమానముగా ప్రక్కకు ఈది, ఆ పాయనుండి వెలుపలికి వచ్చి, తరువాత కెరటములతో ఒడ్డు చేరవలెను. ఈత చాలనివాడు తేలుచు చేయి పైకెత్తి పిలువవలెను. ఒకనిని రక్షింపబోయి ఇద్దరు ముగ్గురు మునుగుట తరచుగా జరుగుచున్నది. గట్టున ఉన్నవారు తాడునుగాని, గాలితో నింపిన ట్యూబునుగాని, మూతపెట్టిన ఖాళీ డబ్బానుగాని విసరవలెను.

ఈ పాయ ఎక్కడ ఉన్నదో పట్టణవాసికి తెలియదు. తెలిసినవాడు మీ పాలెములోని మత్స్యకారుడు. తుపాను వచ్చిన పిమ్మట, పెద్ద పోటు వచ్చిన పిమ్మట ఆ చోటు మారునని కూడ అతనికి తెలియును. ఈ జ్ఞానమునకు వెల కట్టి, అతనికి పని కల్పింపుడు. సెలవుదినములలో, పర్వదినములలో ఇద్దరు ముగ్గురు గజ ఈతగాండ్రను కూలి యిచ్చి నియమింపుడు. స్నానమునకు తగిన చోటునకు రెండు ప్రక్కల ఎరుపు, పసుపు రంగుల జెండాలు నాటింపుడు. ప్రమాదమున్న దినమున ఎర్రజెండా ఎగురవేయింపుడు. ఇవి ప్రపంచమంతట వాడుకలోనున్న గుర్తులు. సూర్యాస్తమయము తరువాత ఎవ్వరును దిగరాదని, మద్యము త్రాగినవారిని దిగనీయరాదని తెలుగున పెద్ద అక్షరములతో బోర్డు పెట్టింపుడు.

పడవ షికారు విషయమున మరింత జాగ్రత్త అవసరము. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగి అనేకులు మరణించిన సంగతిని మరువరాదు. చేపల వేటకు అనుమతి పొందిన పడవ విహారమునకు అనుమతి పొందినట్లు కాదు. తేలుడు చొక్కా లేనిదే అతిథిని పడవ ఎక్కింపరాదు.

తుపాను వచ్చినచో ఎక్కడికి పోవలెను?

కార్తిక స్నానముల కాలమును, తుపానుల కాలమును ఒక్కటే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది ప్రాణములు కోల్పోయిరి. 1996 నవంబరు 6న కోనసీమ తుపానునకు గురియైనది. 2004 డిసెంబరు 26న, ఒక ఆదివారము ఉదయము, ఆకాశమున మబ్బు లేనప్పుడు సునామీ వచ్చి మన రాష్ట్ర తీరమున నూరుమందికి పైగా బలిగొన్నది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది.

గ్రామస్థునకు తుపాను సంగతి తెలియును. అతని తాత చెప్పియున్నాడు. అతిథికి ఆశ్రయ భవనము ఎటున్నదో కూడ తెలియదు. కావున విడిది ఇచ్చు ప్రతి ఇంట గోడపై మూడు మాటలు వ్రాసియుండవలెను: ఆశ్రయ భవనము ఎక్కడ, అచటికి దారి ఏది, ఎవరిని పిలువవలెను. భూమి కంపించినను, సముద్రము అకస్మాత్తుగా వెనుకకు పోయినను, ఎవరి హెచ్చరికకును వేచియుండక ఎత్తైన చోటికి పోవలెనని కూడ వ్రాయింపుడు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రము 2007 నుండి సునామీ హెచ్చరికలు జారీచేయుచున్నది. ఎత్తైన కెరటముల గూర్చి కూడ ముందుగా తెలుపుచున్నది. ఆ సమాచారము పాలెమునకు చేరినప్పుడు విడుదులకు కూడ చేరవలెను.

వాతావరణ శాఖ తుపాను గూర్చి దశలవారీగా తెలుపును. తీరమున ప్రతికూల వాతావరణము ఆరంభమగుటకు 48 గంటలకు పూర్వము ఒక హెచ్చరికయు, 24 గంటలకు పూర్వము మరొకటియు వచ్చును. మొదటి హెచ్చరిక రాగానే అతిథులను పంపివేయవలెను. ఇచట ఒక చిక్కు కలదు. బాడుగ ముందే చెల్లించిన అతిథి, డబ్బు పోవునని కదలడు. మిగులు తిరిగి ఇవ్వవలసివచ్చునని గృహస్థుడు అతనిని కదలుమని చెప్పడు. ఇద్దరి మౌనమును ప్రాణములకు ముప్పు. కావున, తుపాను హెచ్చరిక వచ్చినచో మిగిలిన దినముల బాడుగను తిరిగి ఇచ్చివేయవలెనను నియమమును గ్రామసభలో ముందుగానే అంగీకరింపజేయుడు. ఎవరి ఇంట ఎందరు ఉన్నారో తెలియుటకు ప్రతి విడిదిలో ఒక రిజిస్టరు ఉండవలెను. అందు పేరు, ఊరు, ఫోను నంబరు, పిల్లల సంఖ్య వ్రాయవలెను. విదేశీయులు బసచేసినచో 24 గంటలలో అధికారులకు తెలియజేయుట చట్టరీత్యా విధి.

భోజనమేమి, ధర ఎంత?

అతిథికి ధర ఎక్కువయైనందుకంటె, ముందు చెప్పిన ధర తరువాత మారినందుకు ఎక్కువ కోపము వచ్చును. గది బాడుగ, భోజనము, స్టేషనునుండి ఆటో – వీని ధరలను ఒక పలకపై వ్రాసి గ్రామము మొదటనే పెట్టినచో బేరములు, తగవులు తప్పును. రాత్రి చివరి బస్సు ఎప్పుడో కూడ ఆ పలకపైననే వ్రాయింపుడు.

భోజనము విషయమున ఒక సంగతి గమనింపుడు. మన తూర్పుతీరమున ఏప్రిలు 15 నుండి జూను 14 వరకు, 61 దినములు, యాంత్రిక, మోటారు పడవలపై వేట నిషేధము. చేప గ్రుడ్లు పెట్టు కాలమని ఈ నియమము. పిల్లల వేసవి సెలవులు సరిగా ఈ కాలముననే వచ్చును. అతిథి తాజా చేపలను ఆశించి వచ్చును. పాలెమున చేపలు తక్కువ. ఈ సంగతిని ముందుగానే చెప్పుట మర్యాద. మోటారు లేని తెప్పలు తెచ్చు కొద్దిపాటి చేప దొరకవచ్చును. దొరకనినాడు గోంగూర, పప్పు, ఎండుచేపల పులుసు, తాటిముంజలు, జీడిమామిడి పండ్లు పెట్టవచ్చును. మన ఊరి భోజనమును మనము తక్కువగా చూడరాదు.

మరియు ఈ 61 దినములలోనే మత్స్యకారునకు రాబడి లేదు. ప్రభుత్వము ఇచ్చు భృతి కొంత ఆదుకొనును. ఆ దినములలోనే అతిథులు వచ్చుట అతనికి రెండవ ఆదాయము కాగలదు. వేట లేని కాలమున వల ప్రక్కన కూర్చుండు మనిషి, తీరమున కాపలాదారుగా, దారి చూపువాడుగా, అతని ఇల్లాలు వంట చేయునదిగా సంపాదింపగలరు. పంచాయతీ ఈ రెండింటిని కలిపి ఆలోచింపవలెను.

ధనము ఎవరికి చేరును?

ఒక కుటుంబము రెండు దినములలో అయిదువేల రూపాయలు ఖర్చు చేసినదని లెక్కకు అనుకొందము. విడిది బయటివానిది, వంటవాడు బయటివాడు, కూరగాయలు, పాలు పట్టణమునుండి వచ్చినవి యైనచో, గ్రామమున మిగులునది చెత్త, మురుగు, ఒకరిద్దరి ఊడ్పు కూలి. అదే విడిది గ్రామస్థునిది, పాలు ప్రక్కింటివి, కూరలు దొరువు క్రింద పండినవి, వంట మహిళా సంఘముది యైనచో, ఆ అయిదువేలలో అధిక భాగము ఊరిలోనే నాలుగిండ్లు తిరుగును.

కేరళ రాష్ట్రమున కుమరకము అను గ్రామము వేంబనాడు సరస్సు ఒడ్డున ఉన్నది. అక్కడ పెద్ద హోటళ్లు వెలసిన తరువాత, గ్రామస్థులకు లాభమేమి యను ప్రశ్న పుట్టినది. 2008 నుండి ప్రభుత్వము, పంచాయతీ, కుటుంబశ్రీ మహిళా సంఘములు కలిసి ఒక ఏర్పాటు చేసినవి. సంఘముల స్త్రీలు కూరగాయలు పండించి హోటళ్లకు సరఫరా చేయసాగిరి. మనకును స్త్రీల పొదుపు సంఘములు ప్రతి గ్రామమున ఉన్నవి. వారు కూడ ఇట్టి ఒడంబడికను చేసికొనవచ్చును.

కేంద్ర పర్యాటక శాఖ గృహస్థుల ఇండ్లలో బస ఏర్పాటునకు ఒక గుర్తింపు పథకమును నడుపుచున్నది. యజమాని కుటుంబము ఆ ఇంట నివసించుచు, ఒకటి మొదలు ఆరు గదుల వరకు, పన్నెండు పడకలకు మించకుండ ఇవ్వవచ్చును. ఇల్లాలు ఇంట నివసించుచున్న విడిదిని కుటుంబముతో వచ్చు అతిథి ఎక్కువగా నమ్మును.

ఏమి పోగొట్టుకొనరాదు?

తీరము మొదట పడవలది. వలలు ఆరవేయుచోట, చేపలు ఎండబెట్టుచోట, పడవలు లాగి నిలుపుచోట కార్లు నిలుపనీయరాదు. ఈ స్థలములను గ్రామపటమున గుర్తించి, హద్దురాళ్లు నాటి, తీర్మానమున వ్రాసికొనుడు. తరువాత కాలమున తగవు వచ్చినప్పుడు ఆ కాగితము పనికివచ్చును.

సీసాపెంకులు ఇసుకలో పడినచో చెప్పులు లేక నడచు వలవాని కాలికే గ్రుచ్చుకొనును. కొన్ని ఒకమారు వాడి పారవేయు ప్లాస్టికు వస్తువులు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధింపబడినవి. దీనిని తీరపు దుకాణములయందు అమలుపరుపుడు. చలికాలము చివర, సుమారు జనవరి నుండి మార్చి వరకు, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ ఒడ్డునకు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. పిల్లలు వెలువడి వెలుతురువైపు పోవును. విడుదుల దీపములు సముద్రమువైపు వెలుగుచున్నచో అవి సముద్రమునకు పోవుటకు మారుగా ఊరివైపు వచ్చి చచ్చును. దీపములకు మరుగు పెట్టుట, రాత్రి కొన్నిటిని ఆర్పుట ఖర్చులేని పని.

గ్రామ మర్యాద కూడ ఆస్తియే. పాలెపు స్త్రీలు నీటికి, చేపలకు వచ్చుచోట అతిథులు అనుమతి లేక ఫోటోలు తీయరాదని మెల్లగా చెప్పవలెను. మంచి అతిథి దీనికి నొచ్చుకొనడు.

పంచాయతీ చేయగలుగునది

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు సంబంధించి 29 విషయములు చెప్పబడినవి. అందు పర్యాటకము అను పేరు లేదు. కాని త్రాగునీరు ఉన్నది, పారిశుద్ధ్యము ఉన్నది, రోడ్లు ఉన్నవి, మత్స్యపరిశ్రమ ఉన్నది, సంతలు, జాతరలు ఉన్నవి, స్త్రీ శిశు సంక్షేమము ఉన్నది. నేను ఇంతవరకు చెప్పినదంతయు ఈ విషయములలోనిదే.

కావున వచ్చు గ్రామసభలో ఈ పనిని చేపట్టుడు. విడిది ఇవ్వదలచినవారి పేర్లు వ్రాసికొనుడు. సర్పంచి, ఒక స్త్రీ సభ్యురాలు, పాలెపు పెద్ద ఒకరు, ఆరోగ్య కార్యకర్త – ఈ నలుగురును ఒక్కొక్క ఇంటికి వెళ్లి నీరు, మరుగుదొడ్డి, కప్పు, దీపము, దారి చూడవలెను. సరిపోని ఇంటికి ఏమి సరిచేయవలెనో వ్రాసియిచ్చి గడువు నియ్యుడు. సరిపోయిన ఇండ్ల పట్టికను కచేరీ వద్ద అంటింపుడు. తన బంధువని ఒకరిని చేర్చి, పరపక్షమువాడని మరొకరిని త్రోసివేసినచో, ఆ పట్టికకు విలువ ఆనాటితో సరి. రుసుములు వసూలు చేసినచో చట్టము అనుమతించినవి మాత్రమే, రసీదు ఇచ్చి వసూలు చేయుడు. ఆ ధనమును నీటికి, శుభ్రతకు, ఈతగాండ్ర కూలికి ఖర్చుపెట్టి, లెక్కను గ్రామసభలో చదివి వినిపింపుడు.

ఎన్ని విడుదులు చాలునో కూడ నిర్ణయించుకొనుడు. దానిని నిర్ణయించునది అతిథుల సంఖ్య కాదు. ఎండకాలపు చివరి వారమున మీ నూతులలో మిగులు నీరు. ఆ నీటిని కొలిచిన తరువాతనే విడుదులను లెక్కింపుడు.

మంచి విడిదికి కావలసినవన్నియు మొదట గ్రామస్థులకు కావలసినవే. తియ్యని నూయి, దూరమున కట్టిన మరుగుదొడ్డి, కాపలాగల తీరము, దారి తెలిసిన ఆశ్రయ భవనము, మాట తప్పని ధర – వీనిని అతిథి రెండు దినములు అనుభవించి పోవును. మీ పిల్లలు ఏడాది పొడుగునను అనుభవింతురు. ఏ సంవత్సరమున అతిథులు రాకున్నను, ఈ పనిపై పెట్టిన ఒక్క రూపాయియు వ్యర్థము కాదు.

ఇక మీ గ్రామముల అనుభవములను, సందేహములను చెప్పుడు, కలిసి ఆలోచింతము.